ఏ గదికి ఏ పెయింట్? ముందు గోడ మీద అరచెయ్యి రుద్ది చూడండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివానండి. విజయవాడ పటమటలో 12 ఏళ్ల నాటి డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్, రెండో అంతస్తు, ఇంట్లో నాలుగేళ్ల పాప. బాత్రూమ్ వెనక పడే బెడ్‌రూమ్ గోడ మోకాలి ఎత్తులో పెచ్చులూడుతోంది, వంటింటి గోడ పచ్చబడింది, హాల్లో టీవీ గోడకి ముదురు నీలం వేయించాలని మీ ఆవిడ కోరిక. పెయింటర్ వచ్చి చూసి "అన్ని గదులకీ టాప్ రేంజ్ షైనింగ్ వేసేద్దాం సార్, పదేళ్లు చూసుకోనక్కర్లేదు" అన్నాడు. సంక్రాంతి లోపు అయిపోవాలి. ఏ గదికి ఏది వెయ్యాలి అని అడిగారు.

నేను ఈ పనిలో 26 ఏళ్ల నుంచి ఉన్నాను. రాజమండ్రిలో మా మేనమామ దగ్గర సున్నం కలపడంతో మొదలుపెట్టాను. అప్పట్లో పండక్కి వెల్ల వెయ్యడమే మాకు పెద్ద సీజను, తెల్లగా కొట్టొచ్చినట్టు కనపడాలని సున్నంలో చిటికెడు నీలిమందు కలిపేవాళ్లం, అది ఎక్కువైతే గోడంతా ఆకాశంలా తేలేది, మామయ్య చేతిలో చీపురు కుంచె నా వీపు మీదకి వచ్చేది. ఇప్పుడు విజయవాడలో కాంట్రాక్టు మీద చేయిస్తున్నాను. ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఏంటంటే, మన వాళ్లు షేడ్ కార్డు దగ్గర పదిహేను రోజులు కొట్టుకుంటారు, గోడ దగ్గర పది నిమిషాలు నిలబడరు.

అందుకని ఏ కంపెనీ, ఏ రంగు అన్నది కాసేపు పక్కన పెట్టండి. ఈ సాయంత్రం మూడు పనులు చెయ్యండి, పైసా ఖర్చు లేదు. ఒకటి, ప్రతి గదిలో గోడని అరచేత్తో గట్టిగా రుద్దండి. చేతికి తెల్లగా పిండి అంటుకుంటే అది పాత డిస్టెంపర్, అంటే సుద్ద ఎక్కువుండే చవక రంగు, దాని మీద ఎంత ఖరీదైన ఎమల్షన్ (నీళ్లు కలిపి వేసే ప్లాస్టిక్ పెయింట్) వేసినా ఆ పిండినే పట్టుకుంటుంది తప్ప గోడని పట్టుకోదు, ఏడాది తిరిగేలోపు పొరలు పొరలుగా లేస్తుంది. అలాంటి గోడని తడిపి గీకి తీసెయ్యాల్సిందే, వేరే దారి లేదు. రెండు, బ్లేడుతో పెయింట్ మీద చిన్న గళ్లలా గీతలు పెట్టి, సెలోటేపు అంటించి ఒక్కసారిగా లాగండి. ముక్కలు టేపుతో పాటు వచ్చేస్తే కింద పొర వదులైపోయిందని లెక్క. మూడోది ఆ బాత్రూమ్ వెనక గోడకి. రెండడుగుల పాలిథిన్ షీట్ తీసుకుని నాలుగు వైపులా టేపు వేసి గాలి దూరకుండా అంటించి ఒకటి రెండు రోజులు వదిలెయ్యండి. షీటు లోపలివైపు, అంటే గోడ వైపు, చుక్కలు పట్టాయంటే తడి గోడలోంచే వస్తోంది. బయటివైపు పట్టాయంటే అది గదిలో గాలి తేమ, కిటికీ తెరిచి ఉంచితే సగం పోతుంది.

నా అంచనా అయితే మీది మొదటి రకమే. బాత్రూమ్ టైల్స్ మధ్య సందుల్లో సిమెంటు పోయి ఉంటుంది, లేదా గోడలో పైపు జాయింటు దగ్గర కారుతూ ఉంటుంది, నీళ్లు ఇటుకలోకి దిగి ఇటువైపు ఆరిపోతూ ఇటుకలోని ఉప్పుని పైకి తెస్తాయి. తెల్లటి పొడిలా గోడ మీద పూస్తుందే, అదే. పెయింట్ పెచ్చులు లేపేది ఆ ఉప్పే. దానికి డ్యాంప్ ప్రూఫ్ అని రాసున్న డబ్బా తెచ్చి బెడ్‌రూమ్ వైపు నుంచి రెండు కోట్లు కొట్టిస్తే పోతుందని చాలామంది అనుకుంటారు. నేనూ ఒకప్పుడు గుణదలలో ఒక ఇంటికి అలాగే కొట్టించాను, వాళ్లు అడిగారు, నేనూ కాదనలేదు. ఆరు నెలలకి మోకాలి ఎత్తులో ఉన్న చెమ్మ కాస్తా నడుం ఎత్తుకి ఎక్కింది, ఎందుకంటే కింద బయటికొచ్చే దారి మూసేశాం కదా, నీళ్లు పైకి పాకి అక్కడ దారి చూసుకున్నాయి. కారే చోటు బాత్రూమ్ వైపు, మందు కూడా అటువైపే వెయ్యాలి. ప్లంబర్‌ని పిలిచి పైపు చూపించండి, టైల్స్ సందులు గీకించి మళ్లీ గ్రౌటు నింపించండి. తర్వాత బెడ్‌రూమ్ వైపు చెమ్మ కనిపించిన ఎత్తు కంటే ఒక అడుగు పైదాకా పాత ప్లాస్టరింగు పగలగొట్టించేసి, వాటర్‌ప్రూఫ్ కాంపౌండ్ కలిపిన మాలుతో కొత్తగా చేయించండి. కొత్త సిమెంటు ప్లాస్టరింగు కనీసం 28 రోజులు ఉండాలి, పచ్చి సిమెంటులో క్షారం ఎక్కువ, తొందరపడి పెయింట్ వేస్తే రంగు కాలిపోయినట్టు మచ్చలు పడుతుంది.

ఇక్కడే మీ సంక్రాంతి లెక్క తప్పుతుంది. మన కోస్తాలో అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లు, వానలు, బయటి గోడలు తాగిన నీళ్లు డిసెంబరుకి కూడా పూర్తిగా ఆరవు, సరిగ్గా అప్పుడే పండగ హడావుడిలో అందరూ పెయింటర్ల వెంట పడతారు. కూలి రేటు పెరుగుతుంది, దొరికిన మనిషి నాలుగు ఇళ్లు ఒప్పుకుని ఒక్కో ఇంట్లో సగం సగం పని చేస్తాడు, కోటుకి కోటుకి మధ్య ఇవ్వాల్సిన నాలుగైదు గంటలు కూడా ఇవ్వడు. నా మాట వింటే పండక్కి హాలు, పాప గది చేయించుకోండి. ఆ బెడ్‌రూమ్ గోడని, బాత్రూమ్‌ని ఫిబ్రవరికి వదిలెయ్యండి. చుట్టాలు వచ్చినప్పుడు ఆ గోడకి మంచం అడ్డం పెట్టుకుంటే సరిపోయె.

సరే, ఇప్పుడు పెయింట్ సంగతి. ఇంటి లోపలికి మన దగ్గర దొరికేవి డిస్టెంపర్, ఎమల్షన్, ఆయిల్ పెయింట్, అంటే ఎనామెల్. డిస్టెంపర్ చవక, తుడిస్తే పోతుంది, సొంత ఇంటికి వద్దు. ఎమల్షన్లో మూడు మెట్లు ఉంటాయి. కింద మెట్టులో ట్రాక్టర్ ఎమల్షన్, బైసన్, నెరోలాక్ బ్యూటీ లాంటివి. పై మెట్టులో రాయల్, బర్జర్ సిల్క్, నెరోలాక్ ఇంప్రెషన్స్ లాంటివి. మధ్యలో ఇంకో వరస. పై మెట్టు ధర కింద మెట్టుకి రెట్టింపు కంటే ఎక్కువే ఉంటుంది. తేడా అంతా లోపలి రెజిన్‌లో, అంటే రంగుని గోడకి పట్టి ఉంచే జిగురులో ఉంటుంది, అది ఎక్కువుంటే పొర గట్టిగా ఉంటుంది, తడి గుడ్డతో తుడిచినా చెక్కుచెదరదు. పేరున్న కంపెనీల్లో ఒకే మెట్టులో ఉన్న పెయింట్ల మధ్య తేడా వెతుక్కుంటూ టెన్షన్ పడొద్దు, మీ కళ్లకి కనపడేంత ఉండదు.

కళ్లకి కనపడేది షైనింగు. మ్యాట్ అంటే మెరవదు, షీన్ అంటే కొంచెం పట్టులా మెరుస్తుంది, శాటిన్ ఇంకాస్త, గ్లాసీ అంటే అద్దంలా మెరుస్తుంది. మెరిసే కొద్దీ తుడవడం తేలిక, మెరిసే కొద్దీ గోడ వంకర బయటపడుతుంది కూడా. ఈ రెండో సగం షాపులో ఎవరూ చెప్పరు.

నాకు ఇది ఎలా తెలిసిందో చెప్తాను. గన్నవరం వైపు ఒక కొత్త ఇల్లు, హాల్లో 18 అడుగుల పొడవు గోడ. ఓనరు గారు శాటిన్ అడిగారు, వేశాం. పగలు చూస్తే అద్దంలా ఉంది, నాకే ముచ్చటేసింది. సాయంత్రం ఏడింటికి ఆయన గోడకే బిగించిన కొత్త లైటు స్విచ్ వేశారు. అంతే, పైనుంచి కిందకి పడ్డ వెలుతురులో లప్పం (గోడ నున్నగా చేసే పుట్టీ) బ్లేడు లాగిన ప్రతి గీతా, ఎమరీ పేపరు సరిగ్గా పట్టని ప్రతి మిట్టా నీళ్ల మీద అలల్లా లేచి కనపడ్డాయి. ఆయన ఏమీ అనలేదు, గోడ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశారు. తిట్టినా బాగుండేది. ఆ గోడ మొత్తం మళ్లీ పేపరు కొట్టించి, లప్పం పెట్టించి, మ్యాట్ వేయించేసరికి ఆ ఇంట్లో నాకు మిగలాల్సింది మిగల్లేదు. అప్పటి నుంచి ప్రైమర్, అంటే రంగుకి ముందు వేసే పొర, వేశాక రాత్రి పూట లైట్లన్నీ ఆర్పించి, సెల్‌ఫోన్ టార్చి గోడకి ఆనించి అడ్డంగా వెలుతురు కొట్టి చూస్తాను. మిట్టపల్లాలు నీడలు పడతాయి, పెన్సిల్‌తో సున్నా చుడతాను, పొద్దున్నే కుర్రాళ్లు అక్కడ సరిచేస్తారు. మీరు కూడా చెయ్యొచ్చు, మీ పెయింటర్‌కి చిరాకొస్తుంది, రానివ్వండి.

కాబట్టి మీ హాలుకి మ్యాట్ గానీ, చాలా తక్కువ షీన్ ఉన్నది గానీ చాలు. పన్నెండేళ్ల ఫ్లాట్, బిల్డరు కట్టిన గోడ, తిన్నగా ఉంటుందని నేను నమ్మను. అయితే మ్యాట్ అంటే కింద మెట్టు అనుకోవద్దు, పై మెట్టులో కూడా మ్యాట్ దొరుకుతుంది, సోఫా వెనక తలలు ఆనే చోటు కోసం అది తీసుకోండి. నీలం గోడ విషయం. ముదురు రంగులకి షాపులో వేరే బేస్ వాడతారు, దాంట్లో తెలుపు ఉండదు, మెషిన్‌లో రంగు రసం ఎక్కువ పోస్తారు, అందుకని లీటరు ధర పెరుగుతుంది, గోడని కప్పే గుణం కూడా కొన్ని రంగుల్లో తగ్గుతుంది. రెండు కోట్లకి అయిపోతుందని చెప్తారు, మూడు పడుతుంది. కింద బూడిద రంగు కలిపిన ప్రైమర్ వేయిస్తే ఆ మూడోది తప్పొచ్చు. ముదురు మ్యాట్ గోడ మీద వేలు గీసినా తెల్లటి చార పడుతుంది, టచప్ చేస్తే అతుకు వేసినట్టు కనపడుతుంది. మెరిసే పెయింట్ వేద్దామంటే టీవీ వెలుగంతా దాంట్లో కనపడుతుంది. అయినా ఆవిడకి ఇష్టమైతే వేయించండి, ఒక గోడేగా, టీవీ వెనకాల ఎవరూ చెయ్యి పెట్టరు. కాకపోతే షేడ్ కార్డులో రెండంగుళాల ముక్క చూసి ఒప్పుకోవద్దు, గోడంతా పరుచుకున్నాక ఏ రంగైనా ఇంకాస్త గాఢంగానే కనిపిస్తుంది. చిన్న శాంపిల్ డబ్బా తీసుకుని పెద్ద డ్రాయింగ్ షీట్ మీద రెండు కోట్లు వేసి ఆ గోడకి తగిలించి, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి మీ ఎల్‌ఈడీ బల్బు కింద ఒకసారి చూడండి. పసుప్పచ్చ బల్బు కింద నీలం కాస్త ఆకుపచ్చ వైపు తిరుగుతుంది, అప్పుడు ఆవిడ మనసు మారినా మారొచ్చు.

డబ్బు పెట్టాల్సింది పాప గదిలో. నాలుగేళ్ల పిల్లకి గోడే పలక. అక్కడ పై మెట్టు ఎమల్షన్, కొంచెం షీన్ ఉన్నది వేయించండి, వంకరలు కనపడినా ఆ గదిలో ఎవరు చూస్తారు. క్రేయాన్ గీతలు మెత్తటి గుడ్డ, సబ్బు నీళ్లతో పోతాయి, బాల్‌పెన్ను మాత్రం ఏ పెయింట్ మీద నుంచైనా పూర్తిగా పోతుందని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. వేశాక నెల రోజుల దాకా తడి గుడ్డ పెట్టొద్దు, పైకి ఆరినట్టున్నా పొర గట్టిపడటానికి అంత టైము పడుతుంది. పాపని ఆ గదిలో నాలుగైదు రోజులు పడుకోబెట్టకండి, కిటికీలు తెరిచి ఉంచండి.

పాప గురించే ఇంకో మాట, ఇది పెయింటర్లు పట్టించుకోరు. ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 90 భాగాలు, దాటకూడదని 2016లో కేంద్రం రూల్సు తెచ్చింది, 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. మీ ఫ్లాట్ వయసు చూస్తే తలుపులకీ, కిటికీ ఊచలకీ ఉన్న పాత ఆయిల్ పెయింట్ అంతకు ముందుదే, దాంట్లో సీసం ఉండొచ్చు. ఎమరీ పేపరుతో పొడిగా గీకితే ఆ దుమ్ము ఇల్లంతా లేస్తుంది, నేల మీద ఆడుకునే పిల్ల చేతులకి, నోట్లోకి పోతుంది. తలుపుల పని జరిగే రోజులు పాపని అమ్మమ్మగారింటికి పంపండి, నీళ్లు కొట్టి వాటర్ పేపరుతోనే రుద్దమనండి, సాయంత్రం చీపురుతో ఊడవకుండా తడి గుడ్డతో తుడిపించండి.

వంటింటికి వద్దాం. మీ గోడ పచ్చబడింది పెయింట్ పాతదై కాదు, అది పన్నెండేళ్ల తాలింపు. నూనె ఆవిరి సన్నటి జిడ్డులా పట్టేసి ఉంటుంది, వేలితో గీకి చూడండి, గోరు కింద మైనంలా వస్తుంది. దాని మీద నేరుగా వేస్తే పెయింట్ గోడని అంటదు, పెనం మీద నీళ్లలా అక్కడక్కడా ముడుచుకుపోతుంది. గోరువెచ్చటి నీళ్లలో వాషింగ్ సోడా వేసి స్పాంజితో రుద్ది, మంచినీళ్లతో రెండుసార్లు కడిగి, ఒక రోజంతా ఆరనివ్వాలి. పొయ్యి పైన మరీ నల్లబడ్డ చోట నీళ్ల ప్రైమర్ పనికిరాదు, ఎన్ని కోట్లు వేసినా మరక పసుపుగా పైకి తేలుతుంది, అక్కడ ఆయిల్ బేస్ ప్రైమర్ ఒక కోటు వేయించండి. పైన శాటిన్ ఎమల్షన్. కొందరు వంటింట్లో తెల్లటి ఆయిల్ పెయింట్ వేయిస్తారు, కడగడానికి బాగుంటుంది నిజమే, కానీ తెలుపు ఆయిల్ పెయింట్ రెండు మూడేళ్లకి దానంతటదే పసుపెక్కుతుంది, అప్పుడు జిడ్డు కారణమో పెయింట్ కారణమో తెలియక మళ్లీ నాలాంటివాణ్ణి పిలుస్తారు. దేవుడి అర వంటింట్లోనే ఉందంటే దాని లోపలికి కూడా ఇదే శాటిన్, హారతి మసి తుడుచుకోవచ్చు.

బాత్రూమ్‌లో టైల్స్ పైన మిగిలిన రెండు మూడడుగులు, సీలింగు. నల్ల చుక్కలు ఉంటే అది ఫంగస్, దాని మీద పెయింట్ వేస్తే మూడు నెలల్లో కొత్త పెయింట్‌లోంచి తొంగిచూస్తుంది. బ్లీచింగ్ పౌడర్ నీళ్లలో కలిపి కొట్టి, పావుగంట ఆగి, రుద్ది కడిగెయ్యండి. ముఖ్యంగా, ఆ రోజు టాయిలెట్ యాసిడ్ వాడొద్దు, బ్లీచింగూ యాసిడూ కలిస్తే విషవాయువు వస్తుంది, ఇరుకు బాత్రూమ్‌లో ప్రాణం మీదికి తెస్తుంది. ఆరాక ఫంగస్ పట్టని రకం ఎమల్షన్ రెండు కోట్లు. ఎగ్జాస్ట్ ఫ్యాను లేకపోతే ముందు అది పెట్టించండి.

బాత్రూమ్ తప్ప మిగతా సీలింగులకి అన్ని గదుల్లోనూ కింద మెట్టు తెలుపు మ్యాట్ చాలు. చెయ్యి తగలదు, పిల్ల గియ్యదు. మీ పెయింటర్ చెప్పిన టాప్ రేంజ్‌లో ఎక్కువ డబ్బు వృథా అయ్యేది అక్కడే.

లప్పం గురించి చెప్పకపోతే సగమే చెప్పినట్టు. వైట్ సిమెంట్ పుట్టీ బోడి గోడకి, అంటే ప్లాస్టరింగు మీద నేరుగా పెట్టేది. పాత పెయింట్ మీద పెడితే పట్టు దొరక్క పెచ్చుగా లేస్తుంది. మీ ఇంట్లో ఆ బెడ్‌రూమ్ గోడ కొత్తగా ప్లాస్టరింగు చేశాక దానికి అది పెట్టించండి. మిగతా గదుల్లో పాత పెయింట్ గట్టిగానే ఉంటే పేపరు కొట్టి, ప్రైమర్ వేసి, గుంటలున్న చోట మాత్రం అక్రిలిక్ పుట్టీ పెట్టి మళ్లీ పేపరు కొడితే సరిపోతుంది. "మొత్తం రెండు కోట్లు లప్పం లాగేద్దాం" అంటే ఎందుకో అడగండి. అక్రిలిక్ పుట్టీ నీళ్లు తగిలితే మెత్తబడుతుంది, బాత్రూమ్‌లో పెట్టనివ్వద్దు.

ఎంత పెయింట్ పడుతుందో మీరే లెక్క వేసుకోవచ్చు. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు ఉన్న గదికి నాలుగు గోడలు కలిపి 440 చదరపు అడుగులు, తలుపూ కిటికీ తీసేస్తే 400. నున్నటి గోడ మీద పై మెట్టు ఎమల్షన్ రెండు కోట్లకి లీటరుకి సుమారు 120 చదరపు అడుగులు వస్తుంది. అంటే మూడున్నర లీటర్లు, ఒక 4 లీటర్ల డబ్బా. పది లీటర్లు తెమ్మంటే అనుమానపడండి, రెండు లీటర్లతో అయిపోయిందంటే ఇంకా ఎక్కువ అనుమానపడండి, మిగతాదంతా నీళ్లే. ఎంత నీళ్లు కలపాలో డబ్బా మీద రాసి ఉంటుంది, కొలిచి కలపమనండి, చెంబుతో అందాజాగా పొయ్యడం మా వాళ్లకి పుట్టుకతో వచ్చిన రోగం.

మీ పెయింటర్ టాప్ రేంజ్ ఎందుకన్నాడో కూడా చెప్పేస్తాను, మా వాళ్లు నన్ను తిట్టుకున్నా ఫర్వాలేదు. డబ్బాల్లో పెయింటర్‌కి టోకెన్లు వస్తాయి, ఇప్పుడు చాలావాటికి ఫోన్‌తో స్కాన్ చేస్తే పాయింట్లు పడతాయి. ఏ డబ్బాకి ఎక్కువొస్తే దాని మీద మనసు పోతుంది. ఆ అబ్బాయిని తప్పు పట్టట్లేదు, కూలి ఒక్కదానితో మాకు గిట్టదు, నేనూ తీసుకున్నవాణ్ణే. మీరు మాత్రం డబ్బాలు సీలుతో మీ కళ్ల ముందు తెరిపించండి, ఒక గదికి రెండు మూడు డబ్బాలు కలిపించుకుంటే అన్నిటినీ ఒకే బకెట్‌లో పోసి కలిపాకే మొదలుపెట్టమనండి, మెషిన్ రంగు డబ్బాకీ డబ్బాకీ వెంట్రుకవాసి తేడా రావచ్చు. షాపువాడు మూత మీద అంటించే కోడ్ స్టిక్కర్ ఫోటో తీసి పెట్టుకోండి.

ముందు ఆ పాలిథిన్ షీటు అంటించండి. ఎల్లుండి తీశాక తడి ఏ వైపు ఉందో చెప్పండి, బాత్రూమ్‌లో కొళాయి గొట్టం ఎటు నుంచి వెళ్తుందో కూడా కనుక్కుని రాయండి, ఎక్కడ పగలగొట్టించాలో అప్పుడు చూద్దాం.